పానా పట్టేముందు పెడల్ తొక్కుండ్రి

(హనుమకొండలో ఒక ఆదివారం పొద్దున జేసీబీ ఆపరేటర్లు, ఓనర్లు, ఐటీఐ పిల్లలు కూడిన చోట ఒక పెద్ద మెకానిక్ మాట్లాడిన మాటలివి. రాలేకపోయినోళ్ల కోసం రికార్డింగ్ విని, ఆయన యాస మార్చకుండా టైపు చేసినం.)

అందరికి నమస్కారం. ఎన్క కూసున్నోళ్లకు ఇనవడుతుందా? ఇనవడకపోతే ముందుకు రాండ్రి, కుర్చీలు ఖాళీగనే ఉన్నయ్. పెండ్లిల బువ్వకాడ ముందుకు ఉరుకుతం గని మీటింగ్ అంటే ఎన్కకే పోతం మనం.

నన్ను బ్రేకుల మీద మాట్లాడుమన్నరు. కొత్త బండ్ల ముచ్చట కాదు. పాత బండి. పదిహేనేండ్లు, ఇరవయ్యేండ్లు నడిచిన బండి. ఏ కంపెనీదైనా మనం జేసీబీ అనే అంటం, ముందు బకెట్, ఎన్క తవ్వే చెయ్యి ఉంటే అది జేసీబీనే. నేను సుత అట్లనే అంట, కంపెనీలోళ్లు ఏమనుకోకుండ్రి.

మన దిక్కు ఇన్ని బండ్లు ఎట్లొచ్చినయ్? 2015ల మిషన్ కాకతీయ మొదలైంది. చెర్ల పూడిక తీసుడు. అటెన్క మిషన్ భగీరథ పైపులకు కాల్వలు తవ్వుడు. ఊరికో బండి కావాల్సొచ్చింది. అప్పుడు కొన్న బండ్లు, అప్పటికే పాతవైన బండ్లు, చేతులు మారి మారి ఇయ్యాల మీ దగ్గరికొచ్చినయ్. బూమ్ మీద హోస్ పైపు పలిగిందనుకో, ఏం చేస్తరు? అదే పూట మారుస్తరు. ఎందుకు? పని ఆగుతది గనక. మరి బ్రేకు మెత్తవడితే? పని ఆగదు. బండే ఆగదు! అందుకే బ్రేకుకు ఎప్పుడూ రేపే. దసరాకు గుమ్మడికాయ కొడతం, నిమ్మకాయలు తొక్కిస్తం, టైర్లకు పసుపు కుంకుమ పెడతం. బ్రేకు ఆయిల్ డబ్బా మూత తీసి సూశినోడు ఎవడు? చెయ్యి లేపుండ్రి. ఇద్దరు. పోనీ, ఇద్దరన్నా ఉన్నరు.

"ఏమైతది కాకా, ముందు బకెట్ కిందేసి ఆపుతున్న కదా" అంటరు. నేను సుత చూసిన, ఆపుతరు. పొలంల ఆగుతది. తారు రోడ్డు మీద, ముంగట స్కూలు పిల్లడు సైకిల్ తోని అడ్డమొస్తే బకెట్ దిగేలోపల ఏడుంటవ్ నువ్వు? ఆలోచన చెయ్యి.

ఇగ అసలు మాటకొస్త. మీ దగ్గర బ్రేకు పోయిందంటే మొట్టమొదట ఏం చేస్తరు? పానా పడతరు. మాస్టర్ సిలిండర్, అదే పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టేది, దాన్ని విప్పి, కొత్త రబ్బర్ల కిట్ ఏసి, బిగించి, "కాలేదు" అంటరు. మల్ల ఎన్క హౌసింగ్, అదే చక్రాన్ని ఆపే బ్రేకు ప్లేట్లుండే ఇనుప పెట్టె, విప్పుతరు. రెండు రోజులు, రెండు కూలీలు, సామాను ఖర్చు. నేను అనేది ఒక్కటే. పానా పట్టేముందు కాలు పెట్టు. పెడలు తొక్కు. ఆ పెడలే చెప్తది లోపల ఏం జరుగుతున్నదో. ఎట్ల చెప్తది, అదే ఇయ్యాల ముచ్చట.

దానికంటే ముందుగాల ఒక మాట, ఇది మటుకు ఎవలూ మర్చిపోవద్దు. బండి సమానం జాగల పెట్టాలె. ముందు బకెట్ నేలకు ఆనించాలె. ఎన్క జాకీలు కొద్దిగ దించి పట్టాలె. టైర్లకు ముందూ ఎన్క మంచి దుంగలో రాళ్లో పెట్టాలె. ఇంజన్ బంద్, తాళం చెవి నీ జేబుల. కింద పండి చూసేటోడి జేబులనే ఉండాలె, పైన కూసున్నోడి దగ్గర కాదు. నాకు తెల్సినోడొకడు చెరువు కట్ట దిగే దారి మీదనే బండి ఆపి, కిందికి దూరి నిప్పల్, అదే బ్రేకు గాలి తీసే చిన్న బోల్టు, ఊడదీసిండు. ఉన్న కాస్త పట్టు సుత పోయింది. బండి రెండు బారలు జారి చింత మొద్దుకు ఆగింది కాబట్టి మనిషి మిగిలిండు. ఇంక ఆ ముచ్చట పొడిగియ్య.

సరే. కూసో సీట్ల. చాలా పాత బండ్లకు రెండు పెడళ్లుంటయ్, ఎడమ చక్రానికొకటి, కుడి చక్రానికొకటి. వాటి నడుమ జోడించే పట్టీ ఉంటది. పొలంల ఇరుకుల తిప్పేటప్పుడు పట్టీ తీసి ఒక్క పెడల్ తొక్కుతరు, బండి అక్కడ్నే తిరుగుతది. రోడ్డెక్కితే పట్టీ ఏయాలె. ఏస్తున్నరా? మొన్న ములుగు దిక్కు నుంచి ఒకాయన వచ్చిండు. "అన్నా, బ్రేకు కొడితే బండి ఎడమకు గుంజుతుంది, కుడి దిక్కు ప్లేట్లు పోయినయ్, ఇప్పేసెయ్" అన్నడు. రోగం ఆయనే చెప్పిండు, మందు ఆయనే చెప్పిండు! నేను పోయి చూస్తే పట్టీనే లేదు. ఎప్పుడో పడిపోయింది. ఆయన కాలు ఎడమ పెడల్ మీదనే ఎక్కువ ఆనుతుంది, గంతే. చిన్న ఇనుప పట్టీ వెల్డింగ్ చేయించి పంపిన. హౌసింగ్ ఇప్పితే ఎన్ని రోజులు నిలవడు బండి? కాబట్టి గుంజుడు అంటే ముందు పట్టీ చూడు, టైర్ల గాలి చూడు, రెండు టైర్లు ఒక్క తీరుగున్నయా చూడు. అన్నీ మంచిగుండి సుత గుంజితే, అప్పుడు ఒక్కో పెడల్ ఇడిగ తొక్కి రెండిట్ల తేడా చూడు. ఎప్పుడూ ఒక్క దిక్కే తిప్పే ఆపరేటర్ ఉంటే ఆ దిక్కు ప్లేట్లే ముందు అరుగుతయ్.

ఇప్పుడు తొక్కు. గట్టిగ తొక్కి అట్లనే పట్టు. ఒక్క నిమిషం పట్టు. కాలు కింద ఏమైతుంది?

పెడలు మెత్తగ, దూది మీద కాలేసినట్టు ఉన్నదా? రెండు మూడు సార్లు కొడితే పైకి లేస్తుందా, కొద్దిగ ఆగితే మల్ల మెత్తవడుతుందా? గాలి. లోపల గాలి జొచ్చింది. మీరందరు రైతు బిడ్డలే కదా, బోరుకు గాలి పడితే ఏమైతది? మోటరు తిరుగుతది, నీళ్లు రావు. ఇదీ గంతే. ఆయిల్‌ను ఎంత నొక్కినా దగ్గరికి రాదు, నొక్కింది నొక్కినట్టు అవతలికి ముడుతది. గాలి దగ్గరికొస్తది. నీ కాలి బలమంతా గాలిని నొక్కుడుకే పోతది, ప్లేటుకు పోదు. గని ఆ గాలి ఏడికెళ్లొచ్చింది? ఇది అడగాలె. డబ్బాల ఆయిల్ తక్కువైతే వచ్చింది, లేకపోతే ఏడనో లీకుంటే వచ్చింది. గాలి తీసేసి పంపితే పది దినాలకు మల్ల వస్తవ్ నా దగ్గరికి.

అదే పెడలు గట్టిగనే ఉండి, పట్టి ఉంచితే మెల్లగ మెల్లగ కిందికి జారుతుందా? నీళ్ల ట్యాంకు దిగినట్టు? అది లీకు. బయటికన్న పోతుంది, లోపలన్న పోతుంది. పెడల్ గట్టిగ రాయి తీరుగుండి, మంచిగ పైననే ఆగి, అయినా బండి ఆగకపోతే? అప్పుడు ఆయిల్ తప్పు కాదు. ప్లేట్లు అద్దం తీరుగ నున్నగైనయ్ లేకపోతే అరిగినయ్. బ్రేకుకు కాలి బలాన్ని పెంచే సర్వో బూస్టర్ ఉన్న బండైతే అది సుత చూడాలె. ఇక్కడ మాస్టర్ సిలిండర్ కిట్ ఏస్తే పైసలు మోరీల ఏసినట్టే. అర్థమైతుందా తమ్మీ? రాసుకునుడు కాదు, కాలు తోని గుర్తు పెట్టుకో.

జారే పెడల్ దగ్గర జర సేపు ఆగుదాం. నూటికి సగం గలాటా ఈడ్నే ఉంటది, సగం అని ఊకెనే అంటున్న, లెక్కపెట్టి కాదు. ఆయిల్ ఎటువోతుంది? మొదలు కాళ్ల కాడ మ్యాట్ ఎత్తు. మాస్టర్ సిలిండర్ ఎన్క రబ్బరు టోపీ ఉంటది, దాన్ని మెల్లగ ఎన్కకు మలువు. లోపల తడి ఉన్నదా? వేలు పెట్టి చూడు. తడి ఉంటే ఎన్క సీలు పోయింది, దొంగ దొరికిండు. ఆడ పొడిగుంటే పైపు ఎంబడి ఎన్కదాకా పో. దుమ్ము ఏడ తడిసి ముద్దగైందో ఆడ లీకు. పాత బండి మీద దుమ్మే మన స్నేహితుడు, కడగక ముందే చూడు. సర్వీసింగ్‌ల ప్రెషర్ నీళ్లు కొట్టినంక నా దగ్గరికి తెస్తే ఏం కనవడ్తది?

బయట ఏడా తడి లేదు. డబ్బాల మాత్రం ఆయిల్ తగ్గుతనే ఉన్నది. వారం వారం పోస్తున్నవ్. ఏడికి పోయింది? ఆవిరైందా? ఓ అక్కా, మీరు తల ఊపుతున్నరు, మీ బండి గట్లనే చేస్తుందా? చెప్త వినుండ్రి. మన దిక్కు ఎక్కువ బండ్లల్ల ఎన్క బ్రేకు ప్లేట్లు హౌసింగ్ లోపల, ఆయిల్‌ల మునిగి ఉంటయ్. ఆ ప్లేట్లను నెట్టే పిస్టన్ సీలు పోయిందనుకో, బ్రేకు ఆయిల్ సక్కగ హౌసింగ్ లోపలికే పోతది. బయట ఒక్క చుక్క కనవడది. ఎట్ల పట్టుకోవాలె? బండి సమానంగ పెట్టి, హౌసింగ్ లెవల్ బోల్టు ఇప్పు. మామూలుగ ఆయిల్ ఆ రంధ్రం అంచుకు రావాలె. దబదబ బయటికొస్తే, పలచగుంటే, నీ బ్రేకు ఆయిలే ఆడ చేరింది. ఇగ దీనికి కచ్చా రిపేరు లేదు. హౌసింగ్ ఇప్పాలె, సీళ్లు మార్చాలె, ఆ ఆయిలంత పారబోసి కొత్తది పోయాలె. అది సుత ఏది పడితే అది కాదు. నూనెల మునిగిన ప్లేట్లకు తగిన ఆయిల్ ఇడిగ ఉంటది. మామూలు గేరాయిల్ పోస్తే బ్రేకు కొట్టినప్పుడల్లా బర్రె అరిచినట్టు అరుస్తది. "బేరింగ్ పోయిందేమో" అని ఇప్పుతరు.

తడి ఏడా లేదు, డబ్బా లెవల్ తగ్గలేదు, హౌసింగ్‌ల పెరగలేదు, అయినా పెడల్ జారుతుంది. అప్పుడు? మాస్టర్ సిలిండర్ లోపలి కప్పు, అదే రబ్బరు సీలు, దాటి ఆయిల్ ఎన్కకే పోతున్నది. ఎట్ల రుజువు చేస్తవ్? మాస్టర్ నుంచి పోయే పైపు ఇప్పి, ఆ రంధ్రానికి అదే చుట్టు ఉన్న బోల్టు ప్లగ్ బిగియ్యి. పుల్లలు, గుడ్డలు కుక్కకుండ్రి. కొద్దిగ గాలి తీసి పెడల్ తొక్కు. రాయి తీరుగ నిలవడిందా? మాస్టర్ మంచిగుంది, రోగం కింద ఉన్నది. అప్పుడు సుత జారిందా? మాస్టరే దొంగ. ఒక్క ప్లగ్, పావుగంట పని. దీని కోసం మీరు రెండు రోజులు ఖరాబ్ చేస్తుండ్రు.

మాస్టర్ ఇప్పినంక లోపల గోడను గోరు తోని రాసి చూడు. గుంటలు, తుప్పు గీతలు గోరుకు తగిలితే కిట్ ఏసి లాభం లేదు, సిలిండరే మార్చాలె. "ఎమిరీ కాయితం కొడదాం కాకా" అంటరు ఓనర్లు. కొడితే వదులైతది, కొత్త కప్పు సుత నిలవది. రబ్బర్లను పెట్రోల్ల, డీజిల్ల కడుగకుండ్రి. ఏ ఆయిల్ పోస్తవో ఆ ఆయిల్ తోనే కడుగు.

ఇగో, ఇప్పుడు ఆయిల్ ముచ్చటొచ్చింది. దీని కోసమే ఈ గ్లాసులు తెచ్చిన. ముందున్నోళ్లు చూడుండ్రి, ఎన్కోళ్లు లేచి నిలవడుండ్రి. మూడు గ్లాసులల్ల మంచి నీళ్లున్నయ్. పొద్దున బయట పెట్టిన మూడు బండ్ల బ్రేకు డబ్బాల్లోంచి సిరంజి తోని కొద్ది కొద్దిగ గుంజిన. మొదటి గ్లాసుల ఏస్తున్న. చూడు, కిందికి దిగి కలిసిపోయింది. కలిపితే ఏం కనవడ్త లేదు, శర్బత్ తీరుగ. ఇది కార్లల్ల, మోటర్ సైకిళ్లల్ల పోసే బ్రేకు ఆయిల్, డాట్ 3, డాట్ 4 అంటం కదా, అది. రెండోదాంట్ల ఏస్తున్న. పైన తేలింది. ఎంత కలిపినా పులుసు మీది నూనె తీరుగ పైకే వస్తుంది. ఇది మినరల్ హైడ్రాలిక్ ఆయిల్. ఇగ మూడోది... కొంత కలిసింది, కొంత తేలింది, నీళ్లు పాల తీరుగైనయ్. ఈ బండి ఎవరిది? చెప్పకు, చెప్పకు, పరువు తీసుడు నా పని కాదు. దీంట్ల రెండూ పోసిండ్రు.

ఏమైతది రెండూ పోస్తే? రెండిటికి రబ్బర్లు వేరు. డాట్ ఆయిల్ కోసం చేసిన రబ్బరు మినరల్ ఆయిల్ తాగితే నానవోసిన శనగ తీరుగ ఉబ్బుతది. మినరల్ కోసం చేసిన రబ్బరుకు డాట్ పోస్తే అదీ చెడిపోయి లీకు పెడతది. నేను ఇది పుస్తకంల చదివి చెప్త లేను. కొత్తగ షెడ్డు పెట్టినప్పుడు, పరకాల దిక్కు నుంచొచ్చిన ఒక పాత బండికి డబ్బా తక్కువుంటే నా దగ్గరున్న హైడ్రాలిక్ ఆయిల్ పోసిన. "ఆయిల్ ఆయిలే కదా" అనుకున్న. దానికి కావాల్సింది డాట్. కొన్ని రోజులకు ఫోన్ వచ్చింది, బ్రేకు పట్టింది, ఇడుస్త లేదు, ఎన్క చక్రాల కాడ పొగలొస్తున్నయ్ అని. పోయి ఇప్పితే కప్పు ఉబ్బి సిలిండర్ల ఇరుక్కున్నది. ఆయిల్ ఎన్కకు వచ్చే రంధ్రం సూది మొనంత ఉంటది, దాన్ని మూసేసింది. అన్ని రబ్బర్లు నా పైసల తోని మార్చిచ్చిన. ఆ ఓనరు ఒక్క మాట అనలే. అంటే బాగుండు.

గని ఈ గ్లాసు ఏం చెప్తది? ఎవడో ఏం పోసిండో చెప్తది. ఏం పోయాల్నో చెప్పది! అది డబ్బా మూత మీద ఉంటది, లేకపోతే బండి నంబరు చెప్పి కంపెనీ పుస్తకంల చూడాలె. తెల్వదా, అడుగు. అడిగితే ఇజ్జత్ పోదు. ఇంకో మాట, డాట్ ఆయిల్ గాలిల తేమను గుంజుకుంటది. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మసలదు, నీళ్లు పట్టినంక 140కే మసలొచ్చు. మసిలితే ఆవిరి, ఆవిరంటే మల్ల గాలే. ఎండకాలం మొరం ట్రిప్పులు కొట్టేటప్పుడు మధ్యాహ్నం బ్రేకు మెత్తవడి, రాత్రికి మంచిగైందంటే ఆ పాత ఆయిల్ మీద అనుమానపడు. మూత తీసిన సీసా ఏండ్లకేండ్లు షెల్ఫ్ మీద పెట్టి వాడకుండ్రి.

బ్రేకు ఇడువకపోతే ఎట్ల చూడాలె, అది తొందరగ చెప్త. ముందు పెడలు మొదట్ల కొద్దిగ ఆట ఉన్నదా చూడు. ఆట లేకుంటే లోపలి కప్పు ఎన్కకు రాదు, ఆ సూది రంధ్రం తెరుచుకోదు. ఆట ఉన్నది, అయినా చక్రం పట్టుకున్నది. బండికి ఊతాలు పెట్టినంక చక్రం కాడ నిప్పల్ కొద్దిగ ఇప్పు. చిమ్మి చక్రం ఇడిసిందా? ఆయిల్ ప్రెషర్ ఇరుక్కున్నది. ఇడువలేదా? ప్లేట్లో పిస్టనో పట్టింది. ఆయిల్ ఇరుక్కున్నదంటే మల్ల పట్టించి, ఈసారి మాస్టర్ కాడ పైపు ఇప్పు. ఆడ ఇప్పితే ఇడిసిందా, మాస్టర్ తప్పు. ఆడ ఇప్పినా ఇడువక, నిప్పల్ కాడ ఇప్పితేనే ఇడిసిందా, నడుమల రబ్బరు హోస్ లోపల పొర లేచింది. పైకి కొత్త హోసు లెక్కనే ఉంటది. ఈ హోసు నన్ను ఎన్నిసార్లు ఏడిపించిందో.

ఇగ గాలి తీసుడు. అందరికి వచ్చు అనుకుంటరు. ఇద్దరు కావాలె, ఒకడు పైన ఒకడు కింద. నిప్పల్‌కు తెల్ల పైపు తొడిగి, దాని కొస సీసాల ఆయిల్‌ల ముంచు. పైనోడు తొక్కి పట్టాలె, "పట్టిన" అనాలె. కిందోడు ఇప్పుతడు, బుడగలు పోతయ్, మూస్తడు, "ఇడువు" అంటడు. అప్పుడే కాలు తియ్యాలె. నిప్పల్ తెరిచి ఉండంగ కాలు తీస్తే పోయిన గాలి మల్ల గుంజుతది. ఈ రెండు మాటలు తప్పకుండ గట్టిగ అనుండ్రి, ఇంజన్ల మోత ఉంటది షెడ్డుల. రెండు పెడళ్ల బండైతే ఒక్కో దిక్కు ఇడిగ తియ్యి, ఆఖర్న పట్టీ ఏసి రెండు కలిపి తొక్కి మల్లోసారి చూడు. చాలా బండ్లల్ల రెండు దిక్కులు సమానం చేసే వాల్వు నడుమల ఉంటది, దాంట్ల గాలి మిగులుతది. పైన డబ్బా ఖాళీ కాకుండ ఒకడి కన్ను దాని మీద ఉండాలె.

ఇంకొకటి, పాత బండికి పెడల్ కింద చెక్క ముక్క పెట్టుండ్రి, అడుగుదాకా పోకుండ. ఎందుకంటే రోజూ పెడల్ సగందాకే పోతది, ఆ కింది సగం గోడకు తుప్పు పడ్తది. గాలి తీసేటప్పుడు అడుగుదాకా తొక్కితే కప్పు అంచు ఆ తుప్పు మీద గీసుకుంటది. పొద్దున మంచిగున్న మాస్టర్ సాయంత్రానికి పోతది. "నువ్వే ఖరాబ్ చేసినవ్" అంటరు, నిజంగనే నువ్వే. నిప్పల్ తుప్పు పట్టి తిరగకపోతే రాత్రే తుప్పు ఆయిల్ కొట్టి నానపెట్టు, రింగు పానానే వాడు. ఇరిగితే ఇగ నీకు పండుగే.

హ్యాండ్ బ్రేకు సంగతి ఎవరో అడిగిండ్రు కదా? పాత బండ్లల్ల అది ఎక్కువ ఇడిగనే ఉంటది, గేర్‌బాక్స్ షాఫ్టు మీద డిస్కు, దానికి కేబులు. బండి నిలవెట్టనీకి. నడిచే బండిని రోజూ దానితోని ఆపుకుంట తిరిగితే ఆ ప్యాడ్లు ఎన్ని రోజులుంటయ్? కాలు బ్రేకు చేసుడయినంక దాన్ని సుత ఇడిగ పరీక్ష చెయ్యుండ్రి.

ఇంక నేను మాట్లాడుడు చాలు, మూడో గ్లాసు బండి బయటనే ఉన్నది. బకెట్ దించి, దుంగలు పెట్టే ఉంచిన, తాళం చెవి ఇగో నా జేబుల. ఐటీఐ పిల్లలు ముందు ఎక్కుండ్రి, ఒక్కొక్కరు నిమిషం తొక్కి పట్టి, కాలికి ఏం తెలిసిందో చెవుల చెప్పుండ్రి నాకు, పక్కోడు ఇనకుండ. తమ్మీ, ఆ గ్లాసులు మోరీల పారబోయకు, ఆ మూలకు పాత ఆయిల్ డబ్బా ఉన్నది, దాంట్ల పోయి.